బూడిదరంగు గుండె

మధ్యాహ్నం అన్నం ముందు కూర్చునే వేళకు నా ఫోన్‌లో మా ఆయన గుండె ఆగిపోయేది. అసలు గుండె కాదు, బొమ్మ గుండె. పొద్దున్నించీ ఎర్రగా కొట్టుకుంటున్నది కాస్తా బూడిదరంగుకు తిరిగి, కింద "వాచ్ అందుబాటులో లేదు" అని ఒక ముక్క చూపించి ఊరుకునేది. ఛార్జింగ్ అయిపోయిందని నాకు తెలుసు. నిన్న కూడా ఇట్లాగే అయిందనీ తెలుసు. అయినా ముద్ద నోట్లోనే ఉండిపోయేది. తెలిసినంత మాత్రాన భయం తగ్గేటట్టయితే లోకంలో సగం మందికి హాయిగా నిద్రపట్టేది.

వాచీ సంగతి చెప్పాలంటే ముందు ఆయన పడిపోయిన సంగతి చెప్పాలి. పటాన్‌చెరు వైపు ఒక ఫ్యాక్టరీలో మెషీన్ మీద పని ఆయనది. మా పెళ్లినాటికి పొలం చూసుకునేవాడు. బోరు ఎండిన ఏడాది డ్యూటీలో చేరి అక్కడే ఉండిపోయాడు. ఒకరోజు మెషీన్ పక్కనే కళ్లు తిరిగి కూలబడ్డాడు. చుట్టూ మనుషులున్నారు కాబట్టి మోసుకుని ఆసుపత్రికి తెచ్చారు. గుండె కొట్టుకోవడంలో లయ తప్పుతోందని, మాత్రలు వాడితే మామూలుగానే బతకొచ్చని, కానీ మళ్లీ అట్లా తప్పితే మాత్రం ఆలస్యం చేయొద్దని డాక్టరమ్మ చెప్పింది. "ఆలస్యమంటే ఎంత మేడమ్?" అని అడిగాను. ఆమె నా మొహం చూసి, "ఎంత తొందరగా తెస్తే అంత మంచిది" అంది. అది నాకు జవాబులా అనిపించలేదు. ఇప్పటికీ అనిపించదు.

ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చాక ఒకటే జనం. మా దగ్గర దీన్ని అర్సుకోవడం అంటారు. ఎవరికైనా పాణం బాగాలేదంటే వెళ్లి చూసి, మంచం అంచున కాసేపు కూర్చుని, బ్రెడ్డు ప్యాకెట్టో దానిమ్మపండ్లో చేతిలో పెట్టి రావాలి. ఎందుకు రాలేదో ఎవరూ అడగరు గానీ, రానివాళ్లను ఎవరూ మరచిపోరు కూడా. ఎప్పటిదో కాలు విరిగిన సంగతి తీసి, "అర్సుకోనన్న రాలే" అని పెళ్లి పందిట్లో మొహం తిప్పుకున్నవాళ్లను చూశాను. అందుకని అందరూ వచ్చారు. జోగిపేట నుంచి మా వదిన, అంటే ఆయన అక్క, వారానికి రెండుసార్లు బస్సెక్కి వచ్చేది. మా ఇంట్లో అప్పుడు మిగిలిన బ్రెడ్డు బర్రెలకు పెట్టాల్సి వచ్చింది.

కంపెనీ వాళ్లు మంచివాళ్లే. ఈ మనిషితో బరువు పని చేయించొద్దని తేలిక డ్యూటీ వేశారు. తేలిక డ్యూటీ అంటే పంపుహౌస్. షెడ్లకు దూరంగా, ప్రహరీ పక్కన, మోటార్ల రొదలో ఒక్కడే కూర్చుని నీళ్లు ఎంత వస్తున్నాయో, ఎంత పోతున్నాయో చూసుకోవాలి. ఇదివరకు పడితే పట్టుకోవడానికి పదిమంది ఉండేవాళ్లు. ఇప్పుడు పడితే చాయ్ ఇచ్చేవాడు వచ్చేదాకా ఎవరికీ తెలియదు. పైగా ఫోన్లు లోపలికి రానివ్వరు, గేటు దగ్గరే పెట్టి పోవాలి. పాత చోటికే పంపమని నేను పోయి అడుగుతానంటే ఆయనకు ఎక్కడలేని కోపం వచ్చింది.

"ఉన్న నౌకరి ఊడగొడతవా ఏంది? జెర సప్పుడు చెయ్యకుండ ఉండు."

వాచీ తెచ్చింది మా మరిది. సుల్తాన్‌పూర్‌లో ఆసుపత్రి సామాన్లు తయారుచేసే చోట పని చేస్తాడు, మా పక్కింట్లోనే అత్తమ్మతో ఉంటాడు. ఆ వాచీకి ఫోన్‌తో పనిలేదు, సిమ్ దానిలోనే ఉంటుంది. గుండె మరీ వేగంగానో మరీ మెల్లగానో కొట్టుకుంటే నా ఫోన్‌లోనూ, మరిది ఫోన్‌లోనూ గంట మోగుతుంది. డాక్టరమ్మ చీటీ చూపిస్తే వాచీ వరకు కంపెనీ ఒప్పుకుంది. నాకు పోయిన పాణం తిరిగొచ్చినట్టయింది. రుద్రారం హాస్టళ్లలో ఉండే ఆడపిల్లలు బిగుతైన జాకెట్లు, పొడుగైన ప్యాంట్లు తెచ్చి నా దగ్గర సరిచేయించుకుంటారు. కుట్టుమిషన్ పక్కన ఫోన్ పెట్టుకుని, రెండు కుట్లు వేసి ఒకసారి ఆ ఎర్ర గుండెను చూసేదాన్ని. సాయంత్రం ఆయన వచ్చేసరికి వాచీలో సగానికి పైగా ఛార్జింగ్ మిగిలే ఉండేది.

ఒక ఆదివారం వాచీ తనను అప్‌డేట్ చేయమని అడిగింది. మరిది చేశాడు.

"కొత్తది ఒచ్చింది వదినా, ఇగ మస్తుగ పనిచేస్తది. ఇంతకుముందు మనిద్దరికే కనిపిస్తుండె. ఇప్పుడు ఇంటోల్లందరు సూసుకోవచ్చు. అక్కను, అమ్మను, అడిగినోల్లందర్ని కలిపిన."

ఎవరైనా "ఇక బాగా పనిచేస్తుంది" అన్నప్పుడల్లా నాకు కుడికన్ను అదురుతుంది. ఆ రోజు కూడా అదిరింది. మర్నాడు అన్నం వేళకు గుండె బూడిదరంగుకు తిరిగింది.

మొదటిరోజు ఇక ఆగలేకపోయాను. గేటుకు ఫోన్ చేశాను. అక్కడుండే సెక్యూరిటీ బిహార్ మనిషి. నా వచ్చీరాని హిందీ విని, పాపం, ఆ ఎండలో పంపుహౌస్ దాకా నడిచి చూసి వచ్చి, "భాభీ, ఆద్మీ ఠీక్ హై, ఖానా ఖా రహా హై" అన్నాడు. మా ఆయన అన్నం తింటున్నాడని ఒక పరాయి మనిషి చెబితే నేను ఏడ్చాను. రెండోరోజూ చేశాను. మూడోరోజు సాయంత్రం ఆయన చెప్పులు విప్పకుండానే అందుకున్నాడు.

"మల్ల గేటుకు ఫోన్ చేసినవా?"

"చేసిన. ఏం జెయ్యమంటవ్ మరి?"

"మేనేజర్ పిలిచిండు. ఇంట్లోల్లకు అంత భయముంటే ఇంట్లనే కూసోరాదా అన్నడు. నవ్వుకుంటనే అన్నడు గని నాకు సమజైంది."

ఇక గేటుకు ఫోన్ చేసే దారి కూడా మూసుకుపోయింది. మధ్యాహ్నం నుంచి కంపెనీ బస్సు వచ్చేదాకా ఆయన బతికున్నాడో లేడో నాకు తెలియదు. ఇంత మొరటుగా చెబుతున్నందుకు ఏమీ అనుకోకండి. అప్పుడు నా లోపల మాట అంతే మొరటుగా ఉండేది. నా వేలికి సూది గుచ్చుకుని ఓ పిల్ల తెల్ల చున్నీ మీద రక్తం మరక పడితే, ఆ పిల్లనే కసిరాను.

వాచీని బాగుచేయించే ప్రయత్నాలన్నీ చేశాం. పటాన్‌చెరులో షాపువాడు అంతా చెరిపి మళ్లీ మొదటి నుంచి పెట్టాడు. వెలుగు తగ్గించాడు, చప్పుడు తీసేశాడు. బ్యాటరీ బాగానే ఉందన్నాడు. ఆదివారం ఆయన ఇంట్లో ఉన్నప్పుడు మాత్రం ఆ దిక్కుమాలినది రాత్రిదాకా నిక్షేపంగా ఉండేది. దాంతో మా ఆయన ఒక సిద్ధాంతం కనిపెట్టాడు. పంపుహౌస్‌లో అంతంత మోటార్లు తిరుగుతుంటాయి కదా, అవే దీని కరెంటును గుంజేస్తున్నాయట. మరిది కాదన్నాడు గానీ, మరి ఇంట్లో ఎందుకు బాగుంటోందంటే వాచీని తిప్పి తిప్పి చూశాడు. నేను మోటార్లనే నమ్మాను. వాచీ చుట్టూ గుడ్డ పేలిక కట్టి కూడా పంపాను.

డాక్టరమ్మకు చూపించుకునే రోజున ఆయన సెలవు పెట్టాడు. ఎవరికీ చెప్పలేదు; చెబితే మళ్లీ బ్రెడ్డు వస్తుందని. పొద్దున్నే వెళ్లి, తొందరగానే పని ముగించుకుని వచ్చాం. ఆయన మంచం మీద వెల్లకిలా పడుకున్నాడు. నేను పక్కన కూర్చుని అలవాటు కొద్దీ ఫోన్ తీసి గుండెను చూశాను. మనిషి ఎదురుగా ఉండగా ఫోన్‌లో చూడటమేంటని నవ్వుతారేమో. నవ్వండి.

నేను చూసిన మరుక్షణం ఆయన మణికట్టు కింద, వాచీకీ చర్మానికీ మధ్య, పచ్చటి వెలుతురు వెలిగింది. ఫోన్ మూసేశాను. కాసేపటికి వెలుతురు ఆరింది. మళ్లీ తెరిచాను, మళ్లీ వెలిగింది. నేను చూడమన్నప్పుడల్లా అది లేచి ఆయన నాడి పట్టి చూస్తోంది. అప్‌డేట్‌కు ముందు ఇట్లా ఉండేది కాదు. వాచీ తన తీరికను బట్టి చూసి చెప్పింది మేము చూసుకునేవాళ్లం.

"అంటే నేను చూస్తుంటేనే ఛార్జింగ్ అయిపోతుందా?" అన్నాను. ఆయన ఏదో అనబోతుంటే మళ్లీ పచ్చగా వెలిగింది. ఈసారి నా ఫోన్ మూసే ఉంది. ఇద్దరం దానివంకే చూస్తూ కూర్చున్నాం. ఆరింది. వెలిగింది. ఆరింది. మళ్లీ వెలిగింది. ఎవరో కనబడని మనుషులు ఒకరి తర్వాత ఒకరు వచ్చి ఆయన చెయ్యి పట్టుకుని పోతున్నారు.

జోగిపేటకు ఫోన్ చేశాను. "ఏం జేస్తున్నవ్ వదినా?"

"ఏం లేదే, గిప్పుడే తమ్ముని గుండె సూసిన. మంచిగ కొట్టుకుంటుంది. రోజు పొద్దుగాల, పగటేళ, గుర్తొచ్చినప్పుడల్ల సూస్తనే ఉంట. మా ఆయన గూడ సూస్తడు. బస్సెక్కి ఒచ్చే పనే తప్పింది."

అప్పుడు అర్థమైంది. చుట్టాలు అర్సుకోవడం మానలేదు. బ్రెడ్డు లేకుండా, బస్సు కిరాయి లేకుండా, దినమంతా వస్తూనే ఉన్నారు. ఆదివారం ఇంట్లో ఉన్నాడు కదా, ఏం కాదులే అని రావడం లేదు. డ్యూటీ రోజున, ఒంటరిగా ఉంటాడని, అందరూ పంపుహౌస్‌లోనే. ఆయన మీద ప్రేమే ఆయన వాచీని అన్నం వేళకల్లా చంపేస్తోంది.

ఇంతలో ఆ వెలుతురు వెలిగింది గానీ ఈసారి ఆరలేదు. ఎంతసేపు చూసినా ఆరలేదు. ఎవరో మూయకుండా చూస్తూనే ఉన్నారని, అత్తమ్మ గుర్తొచ్చి, నేను లేచి పక్కింట్లోకి వెళ్లాను. అత్తమ్మ వాకిట్లో చాట ముందేసుకుని కందిపప్పు ఏరుతోంది. మరిది ఇచ్చిన పాత ఫోన్‌ను పప్పు డబ్బాకు ఆనించి పెట్టుకుంది. దానిలో ఎర్ర గుండె పెద్దగా కొట్టుకుంటోంది. కొడుకు గోడ అవతలే పడుకున్నాడని ఆమెకు తెలియదు.

"గిట్ల పెట్టుకుంటె పెద్దోడు నా కండ్లముంగటనే ఉన్నట్టుంటది బిడ్డా. పని సాగుతది. మద్యాన్నం ఎందుకో ఆగిపోతది, ఇగ అప్పటిసంది నాకు పానం పానంల ఉండదు."

నాకు పట్టలేనంత కోపమూ, పట్టలేనంత జాలీ ఒక్కసారే వచ్చాయి. సంగతంతా చెప్పాను. వాచీ ఆగిపోయాక ఆయనకు ఏదైనా అయితే గంట మోగదని, ఎవరికీ తెలియదని చెప్పాను. ఆమె చేతిలో పప్పు చేతిలోనే ఉండిపోయింది.

చుట్టాలకు మాత్రం ఎవరు చెప్పాలి? అర్సుకోవడానికి వచ్చినవాళ్లను గడపలో నిలబెట్టి పొమ్మనడం మా ఇంటావంటా లేదు. ఆయన నావల్ల కాదన్నాడు. డ్యూటీలో ఉన్న మరిది ఫోన్‌లోనే, "నువ్వే చెప్పు వదినా, నువ్వైతే మంచిగ మాట్లాడ్తవ్" అని జారుకున్నాడు. మంచిగా మాట్లాడతానట, నేను! ఒక్కొక్కరికే ఫోన్ చేశాను. వదిన అంతా వింది. తర్వాత, "అంటే నా తమ్ముణ్ని నేను సూడొద్దంటవ్" అని పెట్టేసింది. ఆ మాట ఎప్పటికైనా ఏదో పందిట్లో మళ్లీ వింటానని నాకు తెలుసు.

సాయంత్రం మరిది వచ్చి చూసే వీలును ఒక్కొక్కరి దగ్గరా తీసేశాడు. ప్రమాదమైతే మోగే గంటను మాత్రం అందరికీ పెట్టాడు. అత్తమ్మ తన ఫోన్ తానే తెచ్చి ఇచ్చింది. తీసేయడం అయ్యాక నా వంక తిరిగి మెల్లగా అడిగింది.

"మరి నీ ఫోన్ల?"

నాది ఉంచుకుందామనే అనుకున్నాను. ఎవరైనా ఒకరు చూడాలి కదా అని మనసులో సాకు కూడా సిద్ధం చేసుకున్నాను. ఆమె కళ్లు చూశాక ఆ సాకు నోటికి రాలేదు. రెండు కుట్లకు ఒకసారి చూసే మనిషిని, నేను ఒక్కదాన్నే చాలు దాన్ని ఆపడానికి. ఫోన్ మరిది చేతిలో పెట్టాను.

ఇప్పుడు వాచీ సాయంత్రం దాకా ఉంటోంది. బస్సు దిగి రాగానే ఆయన చెయ్యి చాపి ఎంత మిగిలిందో చూపిస్తాడు, పరీక్షలో పాసైన పిల్లాడిలా. కానీ ఆ సాయంత్రం దాకా గడవాలి. మధ్యాహ్నాలు అత్తమ్మ చాట తీసుకుని నా కుట్టుమిషన్ దగ్గరికే వచ్చి కూర్చుంటోంది. మధ్యలో రెండు ఫోన్లుంటాయి. ఏదైనా చప్పుడైతే ఇద్దరి చేతులూ ఒక్కసారే ఆగుతాయి. చాలాసార్లు అది చున్నీ ఎప్పుడిస్తావని హాస్టల్ పిల్ల చేసిన ఫోన్ అయి ఉంటుంది.

మొన్న పప్పు ఏరుతూ ఏరుతూ అడిగింది.

"మోగకపోతె వాడు మంచిగున్నట్టే గదనే?"

"అవును అత్తమ్మా."

"మరి మోగకుంటెనె గింత భయమైతదేందే?"

నేను చున్నీని మిషన్ కింద పెట్టి మళ్లీ కుట్టసాగాను. ఆమె చాటను దగ్గరికి జరుపుకుంది. బస్సు రావడానికి ఇంకా చాలాసేపుంది.