పిన్ని ఊడబెరికిన గోడకాగితం

పోయిన వారం మా పక్క వాటాలో కొత్తగా దిగినవాళ్ళు పాత వాల్‌పేపరు పీకించారు. పనివాళ్ళు గోడ తడిపి రేకుతో గీకుతుంటే ఆ గరగర మా వంటింట్లోకి వినిపించింది. పొయ్యి కట్టేసి వచ్చి కూర్చున్నాను. ఆ చప్పుడు నేను అంతకుముందు ఒక్కసారే విన్నాను. రేపల్లెలో, ఎనభైల్లో, మా పిన్ని ఇంట్లో.

పిన్ని మా అమ్మ చెల్లెలు. టీచరు ట్రైనింగు అయిన మనిషి. చర్చిలో ఆమె పాట ఎత్తుకుంటే వెనక బెంచీల్లో కునికేవాళ్ళు కూడా సర్దుకుని కూర్చునేవాళ్ళు. రేపల్లెలో రైసు మిల్లు మేనేజరుకిచ్చి చేశారు. బాబాయి నలుగురిలో మహా మర్యాదస్తుడు, చిన్నపిల్లల్ని కూడా మీరు అనేవాడు. ఆయన ఒకసారి మద్రాసు వెళ్ళి గోడకి అంటించే కాగితం చుట్టలు తెచ్చాడు. ఆకుపచ్చ తీగలు, మధ్యమధ్య ఎర్ర పూలు. ఆ వీధిలో అలాంటిది ఎవరూ చూసి ఎరగరు. వచ్చినవాళ్ళు చేత్తో తడిమి, "గుడ్డాండీ, కాగితమాండీ?" అని అడిగేవాళ్ళు. మా అమ్మమ్మ అయితే గుమ్మంలోనే ఆగిపోయి, "ఇదేంటే, గోడకి చీర కట్టారు!" అంది. మైదా జిగురుతో అంటించిన కాగితం మా వైపు ముసురుకి ఆగుతుందా? వానాకాలం ఉబ్బేది, అంచులు లేచేవి, వెనకాల బొద్దింకలు కాపురం పెట్టేవి. బాబాయి ఓపిగ్గా మళ్ళీ అంటించేవాడు. సున్నం కొట్టిస్తే పోయేదానికి ఇంత తంటా ఎందుకని మేం నవ్వుకునేవాళ్ళం.

ఆయన కొడతాడని మాకు తెలుసు. ఎంత కొడతాడో తెలీదు. అడిగితే పిన్ని బాత్రూములో జారాననేది, తలుపు తగిలిందనేది. ఒకసారి చెవి పక్కన కుట్లతో తెనాలి వచ్చింది. అప్పుడు నేను అక్కడే అమ్మమ్మ దగ్గర ఉండి డిగ్రీ చదువుతున్నాను. అమ్మమ్మ ఆ కుట్లు చూసింది. చర్చి సంఘంలో పెద్దాయన్ని వెంటబెట్టుకుని, పిన్నినీ నన్నూ తీసుకుని, రేపల్లె రైలెక్కింది.

బాబాయి కుర్చీలు వేశాడు, కాఫీ తెప్పించాడు. "బైబిలు మీద ఒట్టండి, పెద్దాయనా. ఈమె మీద నేనెప్పుడూ చెయ్యెత్తలేదండి. కొంచెం మతిస్థిమితం తక్కువండి, పడిపోతూ ఉంటుంది" అన్నాడు. గొంతు ఎంత మెత్తగా ఉందంటే, నాకే ఒక్క క్షణం అనుమానం వచ్చింది. పెద్దాయన కాఫీ ఊదుకుంటూ, "చూడమ్మాయ్, సంసారమన్నాక సర్దుకుపోవాలి" అని మొదలుపెట్టాడు.

పిన్ని లేచి వంటింట్లోకి వెళ్ళింది. ఏడవడానికి వెళ్ళిందనుకున్నాం. బకెట్టు నిండా నీళ్ళు, అట్లకాడ పట్టుకుని వచ్చింది. నీళ్ళు ఎత్తి గోడ మీద కుమ్మరించింది. పెద్దాయన కాఫీ పంచె మీద పడింది. అట్లకాడతో గీకడం మొదలుపెట్టింది. తడిసిన కాగితం చేటంత ముక్కలుగా ఊడి పడుతోంది. రాని చోట గోళ్ళతో పీకింది. గోళ్ళు విరిగి వేళ్ళు నెత్తురయ్యాయి.

కాగితం వెనక గోడ గుంటలు గుంటలుగా ఉంది.

"ఇది ఇత్తడి చెంబు. క్రిస్మస్ నాడు, కూర చల్లారిందని" అంది పిన్ని. ఇంకో పట్టు చింపింది. గచ్చు పెళ్ళ రాలి ఇటుక కనిపిస్తోంది. "ఇది రోకలి. నేను తప్పుకున్నాను." తర్వాత తలుపు పక్కన, సరిగ్గా ఆమె తల ఎత్తులో, సున్నం మింగలేని గోధుమరంగు మరక. దాని మీద అరచెయ్యి ఆనించి, "ఇది నేను" అంది.

బాబాయి కుర్చీ తన్ని లేచాడు. మేమందరం చూస్తుండగానే ఆమె జుట్టు పట్టుకుని ఆ మరక మీదికే తలని బాదాడు. ఒకసారి, మళ్ళీ ఇంకోసారి. పెద్దాయన "ప్రభువా" అంటూ కుర్చీలో ముడుచుకుపోయాడు. లేచింది అమ్మమ్మ ఒక్కతే. డెబ్భై ఏళ్ళ మనిషి, మూలనున్న చెక్కపీట రెండు చేతులా ఎత్తి ఆయన మణికట్టు మీద వేసింది. ఎముక విరిగిన చప్పుడు స్పష్టంగా వినిపించింది. ఆయన అరుస్తూ కూలబడితే మళ్ళీ పీట ఎత్తి, "ఇంకో చెయ్యి కూడా ఇవ్వరా" అంది.

పెద్దాయన అప్పటికి నోరు పెగల్చుకుని, "అమ్మాయిని తీసుకెళ్ళండమ్మా" అన్నాడు.

తిరుగు రైల్లో పిన్ని నుదుటి మీద నా ఓణీ అదిమి పట్టుకుని కూర్చున్నాను. ఆమె గోళ్ళ సందుల్లో జిగురు, ఆకుపచ్చ తునకలు. వేమూరు దాటాక, "ఆకలేస్తోందే" అంది. తెనాలి స్టేషన్లో నాలుగిడ్లీలు తిని మరో రెండు అడిగింది.

ఆ ఏడాదే పిన్నికి బాపట్లలో ఒక బడిలో ఉద్యోగం దొరికింది. బాబాయి ఓసారి ఆ బడి గేటు దగ్గరకొచ్చి అరిచాడు. పిన్ని బయటికొచ్చి, పిల్లలందరి ముందూ, "గట్టిగా అరవండి, అందరూ వినాలి" అంది. ఆయన వెళ్ళిపోయాడు. కోర్టులో విడాకులు తేలేసరికి తొంభైలు వచ్చేశాయి. ఆయన పోయినప్పుడు కబురొచ్చినా పిన్ని వెళ్ళలేదు. ఆ ఆదివారం చర్చిలో ఎప్పటిలాగే పాట ఎత్తుకుంది.

రేపల్లె సంగతులు అడిగితే పిన్ని ఇప్పటికీ ఏ పండక్కి ఏం జరిగిందో వరసగా చెబుతుంది. బాపట్లలో గడిచిన ఇన్నేళ్ళ గురించి అడిగితే మాత్రం కాసేపు ఆలోచించి, "ఏముందే, బడికెళ్ళాను, వచ్చాను" అని నవ్వేస్తుంది. కాలం సుఖంగా గడిస్తే చెప్పుకోవడానికి అంతే మిగుల్తుంది కాబోలు.