కంపోజిటర్ హేమలత కొన్న కంప్యూటర్

కాశీబుగ్గలో ఇప్పటివాళ్ళకి హేమలత అంటే జీడిపప్పు ఫ్యాక్టరీలో పొట్టు తీసే పెద్దావిడ. పాతవాళ్ళకి మాత్రం ఆవిడ జానకిరామ్ గారి ప్రెస్సులో కంపోజిటరు. పదిహేడేళ్ళకి చేరి, ఇరవై రెండేళ్ళు సీసపు అక్షరాలు పేర్చింది. సోంపేటలో పెళ్ళి కార్డయినా, టెక్కలిలో నాటకం కరపత్రమైనా ఆవిడ వేళ్ళ మీదుగా వెళ్ళాల్సిందే. ఏటవాలు బల్ల మీద వందల గళ్ళున్న చెక్కపెట్టెలుండేవి, ఒక్కో గడిలో ఒక్కో అక్షరం. 'క' ఎక్కడుందో కళ్ళు వెతకనక్కర్లేదు, చెయ్యే వెళ్ళి తెచ్చుకునేది.

తొంభై తొమ్మిదిలో ఆ ప్రెస్సుకి కంప్యూటరు వచ్చింది. జానకిరామ్ గారు రెండు రోజులు ఆవిడ కంటబడకుండా తిరిగారు. మూడోరోజు వచ్చి, "అచ్చరాలు ఇచ్చేత్తన్నానమ్మా" అన్నారు. పాత సీసం కొనేవాడికి. హేమలత ఆ అక్షరాలన్నీ కిరసనాయిలుతో కడిగి, తుడిచి, దేని గడిలో దాన్ని వేసింది. కరిగించేసేవాటికి ఇంత వరస ఎందుకని ఎవరో అడిగితే, "కలిపేసి ఎలాగెల్తాను" అంది. ఆ వారమే జీడిపప్పు పనికి వెళ్ళింది. పాతికేళ్ళు కింద కూర్చుని పొట్టు తీసింది. మోకాళ్ళు మడతపడక ఆ పనీ మానేశాక, ఒకరోజు మేనకోడలు సంధ్యతో అంది:

"నాకో కంప్యూటరు కొనాలే."

సంధ్య టెక్కలిలో ఒక బడిలో కంప్యూటరు పాఠాలు చెబుతుంది. "ఇప్పుడెందుకత్తా?"

"నన్ను ఇంటికి పంపించేసింది గదా. దాని మొగం సరిగ్గా సూడనేలేదు నాను."

సంధ్య ఆదివారం ఆవిడని పలాసలో ధీరజ్ కంప్యూటర్ల దుకాణానికి తీసుకెళ్ళింది. ధీరజ్ పల్చటి ల్యాప్‌టాప్ తెరిచి పెట్టాడు. "సినిమాలు సూసుకోవచ్చు, వీడియోకాల్ సేసుకోవచ్చు. ఒళ్ళో పెట్టుకుంటే సాలమ్మా."

"ఒళ్ళో పెట్టుకుని సేసే పని కాదు బాబూ. దీన్లో 'స్త్రీ' అని రాసి సూపించు."

అతను రాశాడు. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని వంగి చూసింది. "ఒత్తు అలికినట్టుంది. ఇంకోటి సూపించు." దుకాణంలో ఉన్న తెరలన్నిటి మీదా ధీరజ్ ఆ ఒక్క మాటే రాయాల్సొచ్చింది. చివరికి ఇరవైనాలుగు అంగుళాల తెర దగ్గర ఆవిడ నిలబడిపోయింది. త ఒత్తూ దాని పక్కన ర ఒత్తూ విడివిడిగా, ఎండలో ఆరేసినట్టు కనిపించాయి. మీటలు కూడా నొక్కి చూసి, మెత్తగా కుంగేవాటిని వద్దని, టకటకమని వేలికి తెలిసేవాటిని ఎంచుకుంది. మిగతాది సంధ్య చూసుకుంది. పెద్ద ప్రాసెసరు అవసరం లేదు, వేగంగా పనిచేసే డిస్కు ఉంటే చాలంది. గాలి గట్టిగా వీస్తే కరెంటు పోయే ఊరు కాబట్టి యూపీఎస్ మాత్రం వదలొద్దంది.

ఇంటి దగ్గర పేచీ బల్లతో మొదలైంది. కుర్చీలో కూర్చోబెడితే హేమలత చెయ్యి ముందుకు రాలేదు. "కూకుని ఎప్పుడూ పేర్సలేదే." నాలుగు కాళ్ళ కిందా ఇటుకలు పెట్టి బల్ల ఎత్తారు. ఎడమవైపు నుంచి కిటికీ వెలుగు పడేట్టు జరిపారు. ఆవిడ నిలబడింది. భుజాలు వాటంతట అవే సర్దుకున్నాయి.

సంధ్య తెర మీద అక్షరాలు పెద్దవి చేసింది, మౌసు బాణం పరుగు తగ్గించింది. తరవాత ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసే పద్ధతి చూపించింది. ఎ, ఎమ్, ఎమ్, ఎ కొడితే 'అమ్మ' వస్తుంది.

"అమ్మ అనడానికి ఇంగిలీసెందుకే?"

"అందరూ అలాగే రాత్తారత్తా."

"తెలుగుకి సొంత గళ్ళు లేవేటి?"

ఉన్నాయి. ఎడమచేతి వైపు అచ్చులు, కుడిచేతి వైపు హల్లులు ఉండే తెలుగు కీబోర్డు వరసని సంధ్య పెట్టి, మీటల మీద తెలుగు అక్షరాల స్టిక్కర్లు అంటించింది. హేమలత మొహం విప్పారింది. దేని చోటు దానికి ఉందన్నమాట. సంధ్య చెప్పినట్టు 'స' నొక్కింది. పొల్లు నొక్కి 'త', మళ్ళీ పొల్లు నొక్కి 'ర', చివర దీర్ఘం. ఆవిడ కళ్ళ ముందే ఒత్తులు రెండూ కిందికి దిగి సర్దుకున్నాయి, నెత్తిన గుడిదీర్ఘం కూర్చుంది. ఒకప్పుడు ఆ ఒక్క అక్షరానికి మూడు సీసపు ముక్కలు కావాలి. ఒత్తు కదలకుండా పక్కన సన్నటి రేకు ముక్క దూర్చాలి. ఆవిడ తెరని వేలితో తాకింది.

"ఎవరే పెట్టారు దీన్ని కింద?"

"అదే పెట్టుకుంటాదత్తా."

సిరా వాసన, తొక్కుడు మిషను చప్పుడు, చేతికి చెమ్మగా తగిలే ప్రూఫు కాగితం, అన్నీ ఆ గదిలోకి వచ్చినట్టున్నాయి. "పాపం, జానకిరామ్ గారు మాత్రం ఏటి సేత్తారు" అంది హేమలత.

మూడు నెలలకి స్టిక్కర్లు చూడటం మానేసింది. అప్పుడు సంధ్య తమ బడి పిల్లలు రాసిన వ్యాసాలు తెచ్చిచ్చింది, చిన్న పుస్తకం వేద్దామని. అక్కుపల్లి నుంచి వచ్చే గౌతమి అనే ఆరోక్లాసు పిల్ల, 'మా నాయనమ్మ ఏటి సేసినా నవ్వుతా సేత్తాది' అని రాసింది. దాని మీద తెలుగు మాస్టారు ఉమాశంకర్ ఎర్రసిరాతో 'ఏమి చేసినా నవ్వుతూ చేస్తుంది' అని దిద్దారు. హేమలత పిల్ల రాసిందే కొట్టింది.

కొట్టిన పేజీలు చూసి మాస్టారు ఫోను చేశారు. "తప్పులు ఉండిపోయాయండీ."

"తప్పులు కావు బాబూ. రాసిచ్చిన కాపీ ఎలాగుంటే అలాగ పేర్సడమే నా పని. పిల్ల నీలం సిరాతో రాసింది కాపీ. ఎర్రసిరా మీది."

"సరేనమ్మా, ఉండనివ్వండి" అన్నారు మాస్టారు.

పుస్తకం వేసవి సెలవులకి ముందు వచ్చింది. గౌతమి తన పేజీని నాయనమ్మకి చదివి వినిపించిందట. ఆ సంగతి సంధ్య చెబుతుంటే హేమలత మీటల మీద చేతులు ఆపింది.

"ఏటందట ఆ ముసిల్ది?"

"'పుస్తకంలో కూడా మనలాగే అంటారేటే' అని అడిగిందట. మళ్ళీ సదవమందట."