ఊరికే నడిచిన చలికాలం

మా మామగారికి షుగర్ ఉందని మధిరలో ఒక డాక్టరు కనిపెట్టాడు. కనిపెట్టినవాడు అంతటితో ఆగాడా, రోజూ పొద్దున్నే నడవమన్నాడు. ఆ నడకేదో మధిరలోనే నడిస్తే నాకు ఏ పేచీ లేదు. అక్కడ రైలు పట్టాల వెంబడి చదునైన దారి ఉంది, దారి పొడుగునా నమస్కారం పెట్టేవాళ్లున్నారు. అయితే చదును దారిలో నడక ఒంటికి పట్టదని, అడవి గాలి పీలుస్తూ నడిస్తే రోగం తోక ముడుస్తుందని ఆయనకు ఎవరో చెప్పారు. చెప్పిందెవరో తెలిస్తే నేనే ఒకసారి వెళ్లి పలకరించి వచ్చేదాన్ని. పుష్యమాసం చలిలో పెట్టె సర్దుకుని, చర్ల వైపు మేముండే అడవి ఊరికి దిగారు మామగారు.

మా ఆయన అప్పుడు ఆ ఊరి బ్యాంకులో పనిచేసేవాడు. తండ్రికి తోడు వెళ్లమంటే దుప్పటి ముఖం మీదికి లాక్కుని, "నువ్వెళ్లు, నీక్కూడా మంచిది" అన్నాడు. పెళ్లయినప్పటి నుంచీ నాకు మంచివని ఆయన చెప్పినవన్నీ ఆయన చేయడానికి బద్ధకించినవే.

నేను ఖమ్మంలో పుట్టి పెరిగినదాన్ని. మాకు తెలిసిందల్లా ఎండ. స్వెటర్ అంటే ఫొటో దిగడానికి వేసుకునేది. అక్కడి చలి అలాంటిది కాదు. మంచు ఎంత దట్టంగా పట్టేదంటే ముందు నడిచే మామగారి తెల్ల పంచె కూడా కనపడేది కాదు, దగ్గు మాత్రం వినపడేది. చేతివేళ్లు కొంకర్లు పోయేవి. ముక్కు ఉందో లేదో తడిమి చూసుకోవాల్సి వచ్చేది. నాకు ఒక పాత శాలువా. మామగారికి బనీను మీద చొక్కా, చొక్కా మీద స్వెటర్, స్వెటర్ మీద కోటు, మెడకు మఫ్లర్, తలకు మంకీ క్యాప్, కాళ్లకు తెల్లటి కాన్వాసు బూట్లు. ఇన్ని తొడుక్కుని, "చూశావా అమ్మాయ్, చలికి అలవాటు పడాలి మనిషి" అనేవారు.

ఒక రోజు వాగు దాటి రోడ్డెక్కి, క్యాంపు దాకా పోయి వద్దామన్నారు. క్యాంపు అంటే పోలీసు క్యాంపు. మా ఊరికీ, దవాఖానా ఉన్న పెద్ద ఊరికీ మధ్యలో ఇసుక బస్తాలు, ముళ్లతీగ, రోడ్డుకు అడ్డంగా ఒక గేటు. అడవిలోంచి వచ్చే మనిషి ఎవరైనా సరే, రాత్రి అన్నలకు అన్నం పెట్టి పొద్దున ఇటు వస్తున్నాడనే వాళ్ల లెక్క. అందుకే గూడేల మగవాళ్లు ఆ గేటు ఛాయలకు వచ్చేవాళ్లు కాదు. వస్తే లోపల కూర్చోబెట్టేవాళ్లు, మళ్లీ ఎప్పుడు లేవనిస్తారో ఎవరికీ తెలిసేది కాదు.

వాగు దగ్గరికి పోయేసరికి మామగారి నడక ఆగింది. నీళ్లు మోకాలి లోతే, కాకపోతే ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంటోంది. బూట్లు విప్పితే జలుబు చేస్తుంది, విప్పకపోతే తడుస్తాయి. ఈ ధర్మసంకటంలో ఆయన గట్టు మీద అటూ ఇటూ తిరుగుతుంటే, వెనక మంచులోంచి ఒకామె వచ్చింది. కోయ మనిషి, నా వయసే ఉంటుంది. ఒంటి మీద చీర తప్ప ఏమీ లేదు. ఆ చీర కొంగులోనే చంటిపిల్లను చుట్టి రొమ్ముకు అదుముకుంది. ఒక చేతిలో గుడ్డ మూట. చెప్పుల్లేని కాళ్లతో గుట్ట దిగి వచ్చిందట. ఎప్పుడు బయల్దేరావంటే, "కోడి కూయకముందు" అంది.

"పిల్లకేమైంది?" అన్నాను.

"పాలు తాగుతలేదక్కా. ఏడుస్తలేదు."

కొంగు తీసి చూపించింది. పిల్ల డొక్కలు ఎగరేస్తోంది. కళ్లు సగం మూసుకుని ఉన్నాయి. నాకు పిల్లలు లేరు అప్పటికి, అయినా అది మంచిది కాదని తెలియడానికి పిల్లల్ని కని ఉండక్కర్లేదు.

ఆమె మామగారికి చెయ్యి అందించింది. ఆయన చివరికి బూట్లు విప్పి చంకలో పెట్టుకుని, ఆమె చెయ్యి పట్టుకుని "అబ్బా, అమ్మా, నాయనో" అంటూ వాగు దాటారు. అవతలి గట్టు మీద నేను ఆయన పాదాలు తుడుస్తుంటే, ఆయన ఆమెకు ఉపన్యాసం మొదలుపెట్టారు.

"నడక చాలా మంచిదమ్మా. మీరు కూడా అలవాటు చేసుకోవాలి. పొద్దున్నే కాస్త దూరం నడిస్తే ఏ రోగమూ దగ్గరికి రాదు."

ఆమెకు తెలుగు కొంచెమే వచ్చు. అందుకని ఆ అవమానం ఆమెకు పూర్తిగా అందలేదు, నాకే అందింది. "మామయ్యా, జల్దీ నడవండి, పిల్లకు బాగాలేదు" అన్నాను. "జల్దీ నడిస్తే గుండెకు పట్టుకుంటుందమ్మాయ్" అన్నారు ఆయన.

గేటు దగ్గర ఒక కానిస్టేబులు చలికి గజగజలాడుతూ తుపాకీని చంకలో ఇరికించుకుని చేతులు రుద్దుకుంటున్నాడు. వరంగల్ వైపు మనిషి, మాట చెబుతోంది.

"ఎక్కడికి?" అన్నాడు.

ఇంటి నుంచి బయల్దేరిన మనిషిని ఎక్కడికని అడిగితే మామగారు ఒంటికాలి మీద లేస్తారు. అపశకునమని ఆయన పట్టింపు. మూతి ముడుచుకుని, "ఊరికే" అన్నారు.

"ఏ ఊరికి?"

"ఏ ఊరికీ కాదయ్యా. ఊరికే."

"అదే పెద్దాయనా, ఊరికే అంటే ఏ ఊరికే?"

"చెబుతుంటే నీక్కాదూ. ఏ ఊరూ లేదు. ఊరికే నడుస్తున్నాం."

కానిస్టేబులు ముఖంలో అనుమానం గడ్డకట్టింది. ఊరి పేరు దాస్తున్నాడు ముసలాయన. అందులోనూ మంకీ క్యాప్, కళ్లు తప్ప ఏమీ కనపడవు. తుపాకీ చంకలోంచి చేతిలోకి వచ్చింది. "టోపీ తియ్. ఊరి పేరు చెప్పు" అన్నాడు. టోపీ తీస్తే చెవుల్లోకి చలి పోతుందని మామగారు తీయనన్నారు. ఇద్దరూ అలా ఊరికే ఊరికే అని అరుచుకుంటుంటే నేను మధ్యలోకి వెళ్లి, "అన్నా, ఉత్తగనే తిరుగుతున్నరు. షుగర్ ఉంది, డాక్టర్ నడువుమన్నడు" అన్నాను.

"ఉత్తగనా?" అని నోరు వెళ్లబెట్టాడు. "గీ చలిల? ఉత్తగ?"

అతని తప్పు లేదు. కారణం లేకుండా నడిచే మనుషుల్ని ఆ గేటు అప్పటిదాకా చూసి ఉండదు.

గొడవ విని గుడారంలోంచి ఎస్సై బయటికి వచ్చాడు. మామగారి కోటునూ, బూట్లనూ చూశాడు. ఏ ఊరు, ఎవరి తాలూకు అని అడిగితే మామగారు మధిరనీ, మాగాణినీ, పత్తి వ్యాపారాన్నీ చెప్పారు. ఎస్సై తోడల్లుడిది కూడా మధిర పక్క ఊరేనట. అంతే, కుర్చీ వచ్చింది, మంట దగ్గర చోటు వచ్చింది, గ్లాసులో టీ వచ్చింది. ఇంతకు ముందు తుపాకీ చూపించినవాడే ఆ కుర్చీ మోసుకొచ్చాడు.

ఆమె ఇంకా గేటు బయటే ఉంది. కానిస్టేబులు తిరిగి వెళ్లి అదే ప్రశ్న అడిగాడు. ఆమె ఠక్కున "దవాఖానకు" అంది. పోయే చోటుంది, పని ఉంది, చేతిలో రుజువుగా రోగిష్టి పిల్ల ఉంది. ఇంత సవ్యమైన జవాబు అతనికి నచ్చలేదు. మూట విప్పించాడు. జొన్న గట్క ముద్ద, ఇంత ఉప్పు.

"ఇంత గట్క ఎవరికి?"

"నాకు."

"నీ ఒక్కదానికేనా? నీ మొగుడేడి? మీ ఊర్లెకు రాత్రి ఎవరొచ్చిండ్రు?"

ఆమె ఏం చెప్పిందో ఆమె భాషలో చెప్పింది. "వాపసు పో" అన్నాడు అతను. పిల్ల డొక్కలు అలాగే ఎగురుతున్నాయి. నాకు ఒళ్లు మండిపోయింది. వెళ్లి ఆమె భుజం మీద చెయ్యి వేశాను.

"ఈమె మాతోనే వచ్చిందన్నా."

"దవాఖానకంటున్నది కదా?"

"దానికి తెలుగు రాదు. మా మామయ్యతోని ఊరికే నడుస్తున్నది."

కానిస్టేబులు మంట దగ్గర కాళ్లు చాపుకుని టీ తాగుతున్న మామగారి వైపు చూశాడు. గేటు పైకి లేచింది. చావుబతుకుల మాట చెబితే లేవని గేటు, పనీపాటా లేనివాళ్లమంటే లేచింది. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. నవ్వితే అనుమానపడతాడని రెండూ మింగేశాను.

మామగారిని మంట దగ్గరే వదిలి మేమిద్దరం ముందుకు పోయాం. దవాఖానాలో డాక్టరు పిల్లను చూసి నెమ్ము చేసిందన్నాడు. సూది వేశాడు. కోర్సు అయ్యేదాకా రోజూ తేవాలి, ఒక్క రోజు తప్పినా నా చేతుల్లో లేదన్నాడు. ఉంచుకోవడానికి మంచం లేదు. మా ఇంట్లో ఉండిపొమ్మంటే, ఇంటి దగ్గర ఇంకో పిల్లవాడు ఉన్నాడని ఆమె ఒప్పుకోలేదు. "రేపు గూడ నడువొస్తరా అక్కా?" అని మాత్రం అడిగింది.

మర్నాడు తెల్లవారక ముందే వచ్చి మా అరుగు మీద కూర్చుంది. మామగారిని లేపాను. ముక్కు చీదుకుంటూ, వాగు నీళ్ల వల్ల పడిశం పట్టిందని, ఈ చలిలో కుక్క కూడా బయటికి పోదని, ఇక నడక ఎండాకాలంలోనే అని ప్రకటించారు. చలికి మనిషి అలవాటు పడాలన్న మాట రగ్గు కింద ఎక్కడో పడిపోయినట్టుంది.

సరే, నేను చాలనా అనుకుని బయల్దేరాను. మాట తెలుసు కదా, ఆ మాటే చెబితే పోయె.

"పెద్దాయన ఏడి?" అన్నాడు కానిస్టేబులు.

"ఇంట్ల ఉన్నడు. మేం ఊరికే నడుస్తున్నం."

నన్ను పైనుంచి కిందికి చూశాడు. "ఆడోళ్లు ఊరికే ఎట్ల నడుస్తరమ్మా, ఇంట్ల పనుండదా? మీరు పోతే పోండి. ఆమె మాత్రం ఆగాలె."

అప్పుడు అర్థమైంది, గేటు లేపింది నా మాట కాదు, మామగారి కోటు. వెనక్కి మళ్లాం. దారంతా ఆమె పిల్ల నోటి దగ్గర చెవి పెట్టి ఊపిరి వింటూ నడిచింది. నేను మాత్రం వాగు దాకా ఆ కానిస్టేబుల్ని, వాగు దాటాక మా ఆయన్ని, ఇంటి గడప దాకా మామగారిని తిట్టుకుంటూ వచ్చాను.

మామగారు కాఫీ తాగుతున్నారు. బతిమాలితే లేవరని నాకు తెలుసు. "మామయ్యా, ఎస్సైగారు మీకోసం ఎదురు చూస్తున్నారట. టీ పెట్టించారట. పెద్దాయన రాలేదేమని ఒకటికి రెండుసార్లు అడిగారు" అన్నాను. పడిశం ఎటు పోయిందో, కోటు తగిలించుకుని నాకంటే ముందు వీధిలో ఉన్నారు. వాగు దగ్గర ఈసారి బూట్లు విప్పడానికి ఆలోచించలేదు కూడా.

ఆయన మఫ్లర్ మంచులోంచి కనపడగానే గేటు లేచింది. ఎస్సై లేడు, డ్యూటీ మీద ఎక్కడికో పోయాడు. మామగారు కాస్త చిన్నబుచ్చుకున్నా మంట దగ్గర కూర్చుని కానిస్టేబులుకి నడక గురించి చెప్పడం మొదలుపెట్టారు. ఆ పొద్దున అతన్ని చూసి నాకు జాలేసింది.

దవాఖానాలో సూది గుచ్చగానే పిల్ల కేరుమంది. డాక్టరు "అమ్మయ్య" అన్నాడు. వాళ్లమ్మ ఆ ఏడుపు వింటూ గోడకు జారగిలబడి నవ్వింది. నేనే కళ్లు తుడుచుకున్నాను.

కోర్సు అయ్యేదాకా రోజూ నడిచాం. రోజూ ఎస్సైగారు అడిగారని చెప్పాల్సి వచ్చింది. మామగారి షుగర్ తగ్గిందో లేదో కానీ గొప్ప బాగా పెరిగింది. మధిర వెళ్లాక, ఏజెన్సీలో ఒక కోయామెకు నడక అలవాటు చేసి వచ్చానని అందరికీ చెప్పుకున్నారట. మా ఆడపడుచు చెప్పింది.

ఆయన వెళ్లిన కొన్నాళ్లకు ఆమె మా ఇంటికి వచ్చింది. పిల్ల చంకలో ఉంది, నా మంగళసూత్రం పట్టుకుని లాగింది. ఆమె కొంగులోంచి కందికాయలు చేటలో పోసి, ఇల్లంతా కలియజూసింది.

"పెద్దాయన లేడా అక్కా?"

ఆయన మీద ఇంత అభిమానమేమిటా అని ఆశ్చర్యపోయాను. "మధిర పోయిండు. మల్ల చలికాలమే వస్తడేమో" అన్నాను.

ఆమె పిల్లను ఆ చంక నుంచి ఈ చంకకు మార్చుకుంది.

"మా అత్తకు జరం. దవాఖానకు పోవాలె" అంది. "చలికాలం దాంక ఉండదక్కా."