దొరసాని బండి ఆగిన చోటు

మా బెల్లంపల్లి చర్చి వెనక రేకుల షెడ్డులో ఒక అమెరికా కారు ఉంది. వెనక తలుపు పైకి తెరుచుకునే పొడుగాటి కారు. పందొమ్మిది వందల నలభైల్లో మిషన్ ఆసుపత్రి నడిపిన దొరసాని దాన్ని ఓడలో తెప్పించుకుందట. తన దేశం వెళ్లిపోతూ చర్చికి వదిలేసింది. అందుకని అందరికీ అది దొరసాని బండి. దాన్ని ఇప్పుడు నడిపేదీ, మరమ్మతు చేసేదీ నేనే. ఆడదానివి నీకెందుకమ్మా ఈ గ్రీజు పని అని అడిగేవాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్లకు జవాబివ్వడం ఎప్పుడో మానేశాను. కాస్త ఆ పానా అందుకో అంటాను, పారిపోతారు.

మా సంఘంలో పెళ్లికూతురు చర్చికి వచ్చేది అందులోనే. చనిపోయినవాళ్లు సమాధుల తోటకు పోయేదీ అందులోనే. వెనక సీటు బోల్టుల మీద నిలబడి ఉంటుంది. సీటు బిగిస్తే పెళ్లి, విప్పితే చావు. పెళ్లికి బండి ఎక్కడ ఆగినా ఫికర్ లేదు. చావుకు మాత్రం ఆగకూడదు. శవం ఉన్న బండి ఎవరి వాకిట్లో ఆగితే మళ్లీ లేచేది ఆ ఇంటి పీనుగే అని మా బొగ్గుబావి క్వార్టర్ల లైన్లలో అందరి నమ్మకం, ఏ మతం వాళ్లయినా సరే. పాస్టరుగారు ఈ నమ్మకాన్ని ఆదివారం ఆదివారం దులిపేసేవారు. శవం వెంట తన ఇంటి ముందు నుంచి నడిచేటప్పుడు మాత్రం పాటా అడుగూ రెండూ జోరు చేసేవారు.

నా చిన్నప్పుడు బండి నడిపేది మా నాన్న, బాపు. బొగ్గుబావి వర్క్‌షాపులో ఫిట్టరు. ఒకసారి ఎవరిదో శవం తీసుకుపోతుండగా బండి సరిగ్గా మా ఇంటి ముందే ఆగింది. ఆ రోజు అవ్వ, అంటే మా అమ్మ, బాపును వదిలిపెట్టలేదు. ఇన్ని ఇళ్లుండగా నీకు మన ఇల్లే దొరికిందా అని అన్నం కూడా పెట్టలేదు. బాపు చెంబెడు నీళ్లు తాగి నింపాదిగా అన్నాడు: "వేరేటోళ్ల ఇంటి ముంగట ఆగితే లైనంత తిడ్తది. మన ఇంటి ముంగట ఆగితే నువ్వొక్కదానివే తిడ్తవు."

ఆ తరవాత అవ్వ చాలా ఏళ్లు బతికింది. ఈలోపు ఎందరి ఇళ్లలో శవాలు లేచాయో. అయినా జ్వరం వచ్చినప్పుడల్లా బాపు వైపు ఒక చూపు చూసేది.

తరవాత బండి చెడింది. బాపుకు డ్యూటీలతో తీరిక లేక షెడ్డులోనే పడి ఉండిపోయింది. కోళ్లు సీట్ల మీద గుడ్లు పెట్టాయి. బాపు రిటైరయ్యాక ఇద్దరం దాని మీద పడ్డాం. అప్పటికి అవ్వ లేదు. నా పెళ్లి కుదరలేదు, ఎందుకని అడగొద్దు. సర్కారు దవాఖానాలో మందులిచ్చి వచ్చి, సాయంత్రాలు బండి కింద దూరేదాన్ని. ఇంజను బిగుసుకుపోయి ఉంది. ప్లగ్గులు విప్పి, ఆ రంధ్రాల్లో కిరోసిన్ కలిపిన ఆయిలు పోసి, రోజూ ఫ్యాను పట్టుకుని తిప్పబోయేవాళ్లం. నేను ఊగిపోతుంటే బాపు నెమ్మదిగా, "గుంజకు, ఇరుగుతది. నాననియ్యి" అనేవాడు. ఒక సాయంత్రం వేలెడంత కదిలింది. ఆ రోజు బాపు హోటల్ నుంచి మిర్చి బజ్జీలు తెచ్చాడు.

దొరకని సామాను దొరకలేదు. బ్రేకులకు జీపు వాషర్లు వేశాం. కారుతున్న రేడియేటరుకు మంచిర్యాలలో మాటు వేయించాం. బండిది ఆరు వోల్టుల బ్యాటరీ, ఈ కాలం బల్బులు పనికిరావు. నేను ఒక పాత స్కూటరు బల్బు వెతికి తెచ్చి, ఎప్పటినుంచో చీకటిగా ఉన్న వెనక బ్రేకు లైటులో పెట్టాను. బ్రేకు తొక్కగానే ఎర్రగా వెలిగింది. నేను సంబరపడ్డాను. ఎందుకో బాపుకు అది నచ్చలేదు. "మనం తొక్కేది ఊరికంత చెప్పుడెందుకు" అన్నాడు. ముసలాయన చాదస్తం అనుకున్నాను.

పోయిన ఎండాకాలం ఒకరోజు పొద్దున్నే బాపు గోడకు ఆనుకుని కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. నాకు ఏడుపు రాలేదు. ఏడువు బిడ్డా, లోపల పెట్టుకోకు అని ఆడవాళ్లు చుట్టూ చేరారు. లోపల ఏమన్నా ఉంటే కదా. షెడ్డుకు పోయి వెనక సీటు విప్పాను. చేతులకు ఆ పని తెలుసు. మిగతా నాకు ఏమీ తెలియలేదు. కన్నకూతురు శవం బండి నడపడమేమిటని సంఘం పెద్దలు గొణిగారు. తాళం చెవి వాళ్ల ముందు పెట్టి, అయితే మీరే నడపండి అన్నాను. ఒక్కరి చెయ్యీ ముందుకు రాలేదు.

ఎండాకాలంలో ఆ బండితో ఒక తంటా ఉంది. మనుషుల నడకతో పోతే ఇంజను కాగిపోతుంది. పెట్రోలు పైపులోనే ఆవిరై, బండి దగ్గి దగ్గి ఆగిపోతుంది. అందుకని పైపుకు తడిగుడ్డ చుడతాం. బాపు నడుపుతుంటే నేను పక్క సీట్లో నీళ్ల సీసాతో ఉండేదాన్ని. ఇళ్లు లేని చోట చూసి దిగి, గుడ్డ మీద పోసేదాన్ని. ఆ రోజు నడిపేదాన్ని నేనే. పక్క సీట్లో సీసా ఒక్కటే ఉంది. బాపు వెనక పెట్టెలో ఉన్నాడు.

చర్చి నుంచి సమాధుల తోటకు మా లైను మీదుగానే దారి. లైను మొదట్లో మైదానం దగ్గర దిగి గుడ్డ తడిపాను. ఆ ఎండకు అది ఏ మూలకు? క్వార్టర్ల మధ్యలోకి రాగానే ఇంజను దగ్గడం మొదలుపెట్టింది. తలుపులన్నీ మూసి ఉన్నాయి, కిటికీల్లో కళ్లు ఉన్నాయి. ముందు వచ్చేది పక్కింటి అత్త వాళ్ల వాకిలి. వాళ్ల కోడలికి నెలలు నిండాయి. అత్త మాత్రం తలుపుకు అడ్డంగా గుమ్మంలో నిలబడి ఉంది. నన్ను కాదు, చక్రాలను చూస్తోంది. యాక్సిలరేటరు కొట్టి కొట్టి ఎలాగో ఆ వాకిలి దాటించాను. తరవాత మా ఇల్లు. దాని తరవాత దారి ఎత్తు, ఆ ఎత్తు మీద ఇంకా ఇళ్లున్నాయి. ఏ వాకిట్లో ఆగిపోతుందో నాకు తెలియదు.

మా గేటు ముందుకు రాగానే బ్రేకు తొక్కాను.

పాట ఆగిపోయింది. ఎవరో అయ్యో అన్నారు. ఆ ఇంట్లో మిగిలింది నేనొక్కదాన్నే అని అందరికీ తెలుసు. నా చిన్నప్పుడు మా ఇంటి ముందు బాపు ఏం చేశాడో నాకు అప్పుడు అర్థమైంది. ఆ రోజుల్లో వెనక లైటు వెలిగేది కాదు, కాబట్టి ఎవరికీ తెలియలేదు. నాకు భయం వేయలేదు. దుఃఖమూ రాలేదు. బానెట్ ఎత్తి సీసాలో నీళ్లన్నీ గుడ్డ మీద పోశాను. కాసేపటికి బండి స్టార్టయింది. బాపును దించి వచ్చాను.

కొన్నాళ్లకు పక్కింటి కోడలు మగపిల్లాడిని కన్నది. ఆ మర్నాడు పొద్దున్నే అత్త చాయ్ గ్లాసు పట్టుకుని మా గేటు తెరుచుకుని వచ్చింది. "బండి ఆగలే. నువ్వు ఆపినవ్. ఎర్రలైటు ఎలిగింది, నేను చూసిన" అంది.

ఎండకు ఆగిందత్తా అన్నాను. నాకు చెప్తున్నవా అని గ్లాసు చేతిలో పెట్టి పోయింది.

అప్పటి నుంచి రోజూ పొద్దున గేటు చప్పుడవుతుంది. "ఉన్నవా?" అంటుంది. "ఉన్న" అంటాను. చాయ్ ఒక సాకు. నేను బతికి ఉన్నానో లేదో చూసి పోవడానికి వస్తుంది. మొదట్లో నాకు ఒళ్లు మండేది. తరవాత అదీ లేదు. నెలల తరబడి ఆ చాయ్ తాగాను, డ్యూటీకి పోయాను, బండికి ఆయిలు మార్చాను. ఏ పనిలోనూ నేను లేను.

మొన్న వాళ్లంతా మనవడి పుట్టువెంట్రుకలు తీయించడానికి వేములవాడ వెళ్లారు. ఆ సంగతి నాకు ముందే చెప్పింది కూడా. అయినా పొద్దున లేచి గేటు వైపు చూస్తూ కూర్చున్నాను. ఎండ గడప దాటి లోపలికి వచ్చింది. ఉన్నావా అని అడిగేవాళ్లు లేరు. బాపు పోయినప్పుడు రానిది అప్పుడు వచ్చింది. కొంగు నోట్లో కుక్కుకుని, మధ్యాహ్నం దాకా ఏడ్చాను.

మర్నాడు గేటు చప్పుడైంది. అత్త చంకలో గుండు పిల్లాడు, చేతిలో ప్రసాదం. నా కళ్లు చూసి జర ఆగింది. రోజూ అడిగేదే అడిగింది.

"ఉన్నత్తా" అన్నాను. పిల్లాడిని తీసుకున్నాను.