జీను లోపలి పేర్లు

జీనుల దుకాణం పెద్దాయన పోయారని మంగళవారం ఉదయం ఆయన భార్య ఫోన్ చేసి చెప్పింది. పనిబల్ల దగ్గర కాఫీ తాగుతూ, కుర్చీలోంచి లేవకుండానే వెళ్ళిపోయారట. నాకు ముందు ఏడుపు రాలేదు, భయం వేసింది. మా తాత ఏం పని చేసేవాడో ఈ దేశంలో మా ఇంటివాళ్ళకి కాక తెలిసిన మనిషి ఆయన ఒక్కరే. ఇక ఆ సంగతి బయటపడే దారి లేదని ఒక్క క్షణం గుండె తేలికపడింది. ఆ తేలికపడ్డందుకు మరింత భయపడ్డాను.

ఈ పత్రిక చదివే మీలో ఎవరికీ ఆయన తెలియరు. తూర్పు ఆరెగాన్‌లో మా అమ్మాయి డాక్టరుగా ఉన్న చిన్న ఊళ్ళో, మా పక్క వీధిలో ఆయన పాత గుర్రపు జీనులు బాగుచేసేవారు. ఆయన తాతల కాలంలో పశువుల మందలు తోలినవాళ్ళు వాడిన జీనులవి. ముందు కొమ్ము, వెనక ఎత్తైన అంచు, ఒళ్ళంతా చెక్కిన పూలు. ఎక్కడెక్కడి నుంచో వచ్చి కొనుక్కుపోయేవారు. "మీ దేశంలో పాత వస్తువుకున్న మర్యాద పాత మనుషులకి లేదేం?" అని నేనంటే, "మీకూ నూనె రాసి అద్దాల వెనక కూర్చోబెట్టమంటారా?" అనేవారు.

పందొమ్మిదివందల ఎనభై ప్రాంతంలో, నేను వచ్చిన కొత్తలో, నడకకి వెళ్ళి ఆ దుకాణం ముందు ఆగిపోయాను. నానిన తోలు వాసన. గుంటూరు జిల్లాలో మా తాత పెరట్లో, తోలు పదునుకి తంగేడు చెక్క నానేసిన తొట్టి దగ్గర ఇదే వాసన. ఒక అడుగు వెనక్కి వేశాను.

"గుర్రాలంటే భయమా?" అన్నారు లోపలి నుంచి.

"ఇక్కడ గుర్రమేదీ లేదుగా."

"మరి దేనికి భయం?"

ఆడపిల్లల కాలేజీలో ముప్ఫై ఏళ్ళు ఇంగ్లీషు పాఠాలు చెప్పిన నేను ఇంగ్లీషులో చలి గురించి ఏదో అన్నాను. ఆయన ఇంకేమీ అడక్కుండా కుర్చీ లాగి వేశారు.

మా తాత చెప్పులు కుట్టేవాడు. మోటబావుల్లో నీళ్ళు తోడే తోలు తొండాలు, ఎద్దులకి మెడపట్టీలు కూడా కుట్టేవాడు. మా నాన్న మిషన్ స్కూల్లో చదివి టీచరయ్యాడు. నేను లెక్చరర్‌నయ్యాను, మా అమ్మాయి డాక్టరయింది. మేం ఒక్కో మెట్టు ఎక్కుతుంటే, మా మాటల్లో తాత వృత్తి మారుతూ వచ్చి, చివరికి ఆయన వ్యవసాయదారుడయ్యాడు. ఆయనకి సెంటు భూమి ఉండేది కాదు. నేను విమానం దిగిన వారంలోనే మా అమ్మాయి చెప్పింది: "ఇక్కడ మన తెలుగువాళ్ళం గుప్పెడుమందిమే అమ్మా. ఒకరి చెవిన పడితే అందరికీ తెలిసిపోతుంది. రేపు దీనికి సంబంధాలు చూడాలి." దీనికి అంటే నా మనవరాలికి. అప్పటి నుంచీ తెలుగు ప్రార్థన కూటాల్లో ఎవరైనా "మీదే ఊరండీ?" అంటే చాలు, కప్పులు సర్దే నెపంతో వంటింట్లోకి వెళ్ళిపోయేదాన్ని.

పెద్దాయనకి ఒక అలవాటు. జీను అడుగున ఉన్న గొర్రె బొచ్చు ఊడదీస్తే, లోపలి చెక్క మీద ఒక్కోసారి పెన్సిలుతో రాసిన పేరు కనబడేది. పైన అందరికీ కనబడేలా దుకాణం ముద్ర ఉంటుంది. కుట్టిన పనివాడు మాత్రం ఎవరూ చూడని చోట తన పేరు రాసుకునేవాడట. ఆయన టోపీ తీసి, ఆ పేరు పైకి చదివి, మళ్ళీ బొచ్చు వేసి మూసేసేవారు. పేరు లేకపోతే, "ఎవరో మంచి పనివాడు" అనేవారు. అలా అన్న ఒక మధ్యాహ్నం నేను మా తాత సంగతి చెప్పాను. "ఆయన పేరు?" అన్నారు. చెప్పాను. నోరు తిరగక తంటాలు పడ్డారు గాని, టోపీ తీసే పలికారు. తర్వాత తోలుకి బెజ్జం వేసే ఆరె నా చేతికిచ్చారు.

చిన్నప్పుడు చూసిన రెండు సూదుల కుట్టు, ఎవరో లోపలి నుంచి ఆడించినట్టు చేతికి వచ్చేసింది. అప్పటి నుంచీ మధ్యాహ్నాలు అక్కడే కుట్టేదాన్ని.

"చెయ్యి వణుకుతోంది" అన్నాను.

"మంచిదే. జీనెక్కేవాడికి ధైర్యం ఉండాలి, కుట్టేవాడికి భయం ఉండాలి. కుట్టు తెగితే కిందపడేది ఎవరి బిడ్డో ఏమో" అన్నారు.

కిందటి నెల బాతెల్ అనే ఊరి నుంచి ఒక తెలుగు కుటుంబం మా మనవరాలిని చూడడానికి వచ్చింది. అబ్బాయి తల్లికి పాత జీనొకటి కావాలట. ఆవిడని దుకాణానికి తీసుకెళ్తూ, నువ్వు రావద్దని మా అమ్మాయి నాకు కళ్ళతోనే చెప్పింది. ఆవిడేమో, "మీరూ రండి పిన్నిగారూ" అని నా చెయ్యి పట్టుకుని బయల్దేరదీసింది.

గుమ్మంలోనే కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. "అబ్బ, ఈ స్మెల్ ఏంటండీ! మా ఊళ్ళో తోలు పనివాళ్ళ పేట వైపు కూడా మమ్మల్ని వెళ్ళనిచ్చేవాళ్ళు కాదు." అంతలోనే ఒక జీను మీద చెయ్యి వేసి, "ఇది మాత్రం ఎంత బాగుందో! ఫ్యామిలీ రూమ్‌లో పెడితే క్లాస్‌గా ఉంటుంది. ఈ కుట్టు చూడండి పిన్నిగారూ, ముత్యాలు పేర్చినట్టుంది. ఎవరు చేశారో అడుగుదాం" అని ఆయన్నే అడిగింది.

చేసింది నేను. వచ్చినవాళ్ళందరికీ "మా మేడమ్ పని" అని నన్ను చూపించే మనిషి ఆయన. చూపిస్తే తర్వాతి ప్రశ్న, ఈ పని మీకెలా వచ్చిందని. మా అమ్మాయి మొహం పాలిపోయింది. నేను చేతులు కొంగుతో కప్పుకున్నాను. ఆయన నా చేతుల వంక చూశారు.

"అది కుట్టిన మనిషి చెప్పుకోవాలి. నేను చెప్పేది కాదు" అన్నారు.

"ఓ, సీక్రెట్టా!" అని నవ్వి ఆవిడ జీను కొనేసింది. ఇప్పుడది వాళ్ళింట్లో ఉంది. ముక్కు మూసుకోకుండానే దాని పక్కన కూర్చుని కాఫీ తాగుతూ ఉంటారు.

తర్వాత నేను కృతజ్ఞత చెప్పబోతే, "పేరు లోపల పెట్టి మూశాను, అంతేగా" అని సుత్తి అందుకున్నారు.

ఆయన గురించి మన తెలుగు పత్రికకి రాస్తానంటే మా అమ్మాయి బెదిరిపోయింది. "వాళ్ళ జవాబు ఇంకా రాలేదు. ఈ పత్రిక వాళ్ళింటికీ వెళ్తుందమ్మా!" మనవరాలు తింటున్న ఆపిల్ పక్కన పెట్టి, "నువ్ రాసెయ్ అమ్మమ్మా. వాళ్ళు ఫస్ట్ చదవనీ. అప్పుడు ఎస్ అంటే ఎస్, నో అంటే నో" అంది. అది హాయిగా నిద్రపోతోంది, నాకే కునుకు లేదు. ఇది అచ్చులో చూసుకున్న రోజు ఏమవుతుందో నాకు తెలియదు.

ఖననమైన మర్నాడు ఆయన భార్య దుకాణం తాళంచెవి నాకిచ్చింది. సగం పూలు చెక్కిన తోలు మీద, ప్లాస్టిక్ కింద, తడిగుడ్డ ఆరిపోవచ్చింది. ఆరితే తోలు బిగుసుకుపోయి పువ్వు పడదు. గుడ్డ తడిపి కప్పాను. ఆయన మధ్యలో వదిలేసిన పట్టీ ఒకటి తీసుకుని, వెలుతురు కోసం వీధి తలుపు బార్లా తీసి, అక్కడే కూర్చున్నాను. బయట ఏ కారు నెమ్మదించినా సూది ఆగిపోతోంది. ఆ కారు పోయిందో లేదో చూడకుండానే మళ్ళీ తోలులోకి దింపుతున్నాను.