ఆపరేషన్ తర్వాతి మూడు నెలలు

ఆసుపత్రిలో అందరూ ఆయన్ని మాస్టారు అనేవారు. బడిలో పాఠం చెప్పింది ఏనాడూ లేదు. పిల్లలు ఇక చాలనుకున్న దంపతులకు ఏ పద్ధతి నప్పుతుందో ఓపిగ్గా విడమరచి చెప్పడం ఆయన ఉద్యోగం. మందుల గది పక్కన తెర కట్టిన చిన్న గది. బల్ల మీద మాత్రల అట్టలు, కాపర్-టీ, మగ అవయవం నమూనాగా ఒక ప్లాస్టిక్ బొమ్మ. మగవాళ్లు ఆ బొమ్మ కంటపడగానే కిటికీ వైపు చూపు తిప్పేసేవారు.

లారీ మెకానిక్ మాత్రం తిప్పుకోలేదు.

"మా ఆవిడకి మాత్రలతో బీపీ పెరిగింది. కాపర్-టీ వేయిస్తే రక్తం ఆగలేదు. దీన్ని వదిలెయ్యండి మాస్టారూ, నన్ను కోసెయ్యండి" అన్నాడు. పక్కన అతని భార్య పైటచెంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది.

మాస్టారికి వాళ్లిద్దరూ ముచ్చటగా కనిపించారు.

"కోసేది గోరంతే. అసలు సంగతి తర్వాత ఉంది. బ్రేకు తొక్కిన చోటే లారీ ఆగుతుందా?"

"ఎక్కడాగుతుంది? కాస్త ముందుకెళ్లి ఆగుతుంది."

"ఇదీ అంతే. మూడు నెలలు కండోమ్ వాడాలి. తర్వాత వీర్యం పరీక్ష చేయించుకోవాలి. అందులో కణాలేమీ మిగల్లేదని తేలితేనే నిశ్చింత."

తలూపాడు. ఆపరేషన్ అయింది. పరీక్షకు మాత్రం రాలేదు. మాస్టారు ఫోన్ చేస్తే "బండి కిందున్నాను" అని పెట్టేశాడు.

నాలుగో నెలలో వచ్చాడు. ఒక చేత్తో భార్య జుట్టు, ఇంకో చేత్తో జాకీ రాడ్డు. ఆమె కనుబొమ్మ చీలి చెంపంతా రక్తం కారుతోంది. ఎడమ చెయ్యి మోచేతి కింద వంకరగా వేలాడుతోంది.

"దీనికి కడుపొచ్చింది! నేను కోయించుకున్నాక ఎలా వచ్చింది? ఎవడిదో చెప్పమను!"

"ఎవరూ లేరు మాస్టారూ, పిల్లల మీద ఒట్టు..." ఆమె మాట పూర్తి కాకుండానే కడుపులో తన్నాడు. గోడకు కొట్టుకుని జారిపోయింది. రాడ్డు మళ్లీ లేచింది.

మాస్టారు ఏమీ ఆలోచించలేదు. అడ్డంగా పడ్డాడు. మొదటి దెబ్బకు భుజం కీలు తప్పింది. రెండోది మూతి మీద పడింది. నోట్లో పళ్లు గులకరాళ్లలా దొర్లాయి. బల్ల తిరగబడింది. కాంపౌండరూ వాచ్‌మనూ మీదపడి ఆ మనిషిని నేలకు అదిమారు. వాచ్‌మన్ చెయ్యి కొరికాడు వాడు.

మాస్టారు రక్తం ఉమ్మేసి, ఆ మొహం మీదికి వంగాడు. "పరీక్ష చేయించుకున్నావురా?"

మెకానిక్ చూపు పక్కకు తిప్పేశాడు.

ఆ దెబ్బలకు ఆమెకు కడుపు పోయింది. పోలీసుల సమక్షంలో చేసిన పరీక్షలో వీర్యకణాలు ఇంకా సజీవంగా ఉన్నాయని డాక్టరమ్మ చెప్పింది. మెకానిక్ వరండాలో కూలబడి, నుదురు చిట్లేదాకా స్తంభానికేసి కొట్టుకున్నాడు. భార్య మంచం దగ్గరికి పోతానని కానిస్టేబుల్ కాళ్లు పట్టుకున్నాడు.

ఆ మాట ఆమె దగ్గరికి మాస్టారే మోసుకెళ్లాడు. పిండికట్టు వేసిన చెయ్యి గుండెల మీద పెట్టుకుని పడుకుందామె.

"తెలియక చేశాడట తల్లీ. ఏడుస్తున్నాడు."

"తెలియకపోతే అడగాలి కదా మాస్టారూ? పదేళ్ల కాపురం. ఒక్కసారి అడగొచ్చు కదా? వాణ్ణి రానివ్వకండి."

అప్పటిదాకా ఆమె భర్తను 'ఆయన' అనేది. మెకానిక్ జైలుకు పోయాడు. ఆమె పిల్లలతో అక్క ఇంటికి చేరింది.

కట్టుడు పళ్లతో మాస్టారు మళ్లీ పనిలో చేరిన రోజున ఒక కుర్ర డ్రైవరు భార్యతో వచ్చాడు. మూడు నెలల మాట చెబుతుంటే ఫోన్ చూసుకుంటూ నవ్వాడు. మాస్టారు ఆ ఫోన్ లాక్కుని గోడకేసి కొట్టాడు. పగిలిన ముక్కలు చూశాక కుర్చీలో కూర్చున్నాడు.

"నేను చెప్పింది మీ ఆవిడకి వినపడేలా మళ్లీ చెప్పు బాబూ" అన్నాడు మెల్లగా.

కుర్రాడు బెదురుగా మొదలుపెట్టాడు. మధ్యలో తడబడితే భార్య మాట అందించింది.