మాస్టారు ఒప్పుకోని పాఠం

మాస్టారు పోయారన్న కబురు మధ్యాహ్నం బెల్లు కొట్టే వేళకు కాలేజీకి వచ్చింది. ఆసుపత్రి నుంచి సైకిలు మీద వచ్చిన ఆయన తమ్ముడు స్టాఫ్ రూమ్ గుమ్మంలోనే నిలబడి, "అన్నయ్య ఇంక లేడండి" అన్నాడు. లోపలికి రమ్మంటే రాలేదు. మన్యంలో పట్టుకున్న మలేరియా ఏడాదిగా వస్తూ పోతూ ఉండి, ఈసారి మెదడుకెక్కింది. ఆఖర్న భార్యను కూడా గుర్తుపట్టలేదట.

అమలాపురంలో చదువుకున్నవాళ్లకు ఆయన ఇంగ్లీషు క్లాసు గుర్తుండే ఉంటుంది. నేను ముందు ఆయన శిష్యురాలిని, తర్వాత అదే కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పుకుంటున్నదాన్ని. మనం తప్పు మాట్లాడితే తప్పని అనేవారు కాదు. అదే వాక్యాన్ని సరిచేసి, తన మాటలాగా మళ్లీ అనేవారు. ఎవరైనా మాట కోసం తడుముకుంటుంటే, వాళ్లు సిగ్గుపడకుండా కిటికీ వైపు తిరిగి నిలబడేవారు. ఎంతసేపైనా సరే. మాట పూర్తయ్యాక "ఆయ్" అంటూ ఇటు తిరిగేవారు. కొత్తపేట నుంచి బస్సులో వచ్చే బెరుకు పిల్లనైన నేను నోరు విప్పింది అలాగే.

ఆయనది అల్లవరం దగ్గర పల్లె. తల్లీ తండ్రీ కూలికి వెళ్లి చదివించారు. కాలేజీకి రాకముందు కొన్నేళ్లు మన్యంలో బడిపంతులుగా చేశారు. అక్కడి పిల్లలది కోయ భాష. తెలుగు పాఠం మొదలెడితే ఉలుకూ పలుకూ లేకుండా కూర్చునేవారట. అందుకని ముందు ఆయనే వాళ్ల భాష నేర్చుకున్నారు. "మూసుకున్న నోట్లోకి ఏ భాషా వెళ్లదమ్మా" అనేవారు నాతో.

నాలుగేళ్ల కిందట కాకినాడలో ఒక సదస్సు పెట్టారు. మన్యం అడవులను కాపాడటానికి కొత్త విధానం వస్తోందనీ, దాన్ని కొండ పిల్లలకు తెలుగు వాచకంలోనే నేర్పాలనీ, భాష చెప్పేవాళ్లనూ అటవీ అధికారులనూ ఒకచోట కూర్చోబెట్టారు. కోయ భాష వచ్చని మాస్టారిని వాచకం కమిటీలో వేశారు. ఆయన సాయానికి నన్ను తీసుకెళ్లారు. ఆ సదస్సు కోసం కొత్త చొక్కా కుట్టించుకున్నారు కూడా.

అక్కడ ఒక అధికారి పాఠం చదివి వినిపించాడు. "పోడు కొట్టేవాడు అడవి దొంగ. దొంగను పట్టివ్వడం మన విధి." కొండవాలు మీద చెట్లు కొట్టి, కాల్చి, ఆ బూడిదలో విత్తుకోవడమే పోడు. ఆ కుటుంబాలకు అదే తిండి.

మాస్టారు లేచారు. "అయ్యా, ఈ పాఠం చదివే పిల్లల నాన్నలే పోడు కొడతారండి. బళ్లో ఇది చదివి ఇంటికెళ్లి, వాళ్లు నాన్నని ఏవనాలండి?"

"అడవి పోతే వానలూ పోతాయి మాస్టారూ. అది మీకు అక్కర్లేదా?"

"అక్కర్లేకేవండీ? అడవి ఉండాలనే నేనూ అంటన్నాను. చెట్టుని ఎలా కాపాడాలో రాద్దావండి. నాన్నని దొంగని రాయొద్దు."

"మీరు భాష సంగతి చూడండి. విధానం మేం చూసుకుంటాం."

"దొంగ అన్నది భాషేనండి" అన్నారు మాస్టారు.

నేను లేవబోతే కూర్చోమని సైగ చేశారు. "నీది కొత్త ఉద్యోగవమ్మా" అన్నారు, బయటికి వచ్చాక. ఆ తర్వాత సమావేశానికి ఆయనకు పిలుపు రాలేదు. వాచకం ఆ పాఠంతోనే అచ్చయింది.

కిందటేడు వానల్లో, ఆయన పనిచేసిన ఊరిని ఆ విధానం పేరుతో అడవిలోంచి లేపేశారని తెలిసింది. వద్దంటే వినకుండా వెళ్లారు. తిరిగొచ్చి స్టాఫ్ రూమ్ కుర్చీలో కూలబడ్డారు. ఊరి జనం రోడ్డు పక్కన టార్పాలిన్ల కింద తడుస్తున్నారట. ఒకతన్ని జైలుకు తీసుకుపోయారట. అతను పోడు కొట్టిన చోటును అధికారులకు చూపించింది అతని కూతురే.

"బళ్లో చెప్పినట్టే చేసిందమ్మా ఆ పిల్ల. మంచిపని చేసేననుకుంది. నాన్నని కట్టి తీసుకెళ్తంటే చూసింది. అప్పట్నుంచీ నోట మాట లేదు. తెలుగూ లేదు, కోయా లేదు."

ఆ తర్వాత ఏ సెలవు వచ్చినా మన్యం వెళ్లేవారు. ఆ పిల్ల పక్కన కాసేపు కూర్చుని రావడానికే. జ్వరం అక్కడే అంటుకుంది. ఇక మానెయ్యండి మాస్టారూ అని బతిమాలాను. "ఆ పిల్లని పలకనియ్యమ్మా, మానేస్తాను" అన్నారు.

మాస్టారిని అమలాపురంలోనే, చర్చి సమాధుల తోటలో పాతిపెట్టాం. మూడోనాడు సమాధి దగ్గర ప్రార్థన అవుతుండగా, కబురు ఎలా అందిందో, ఒక కొండ స్త్రీ, చెయ్యి పట్టుకున్న ఆడపిల్లతో గేటు దగ్గరకు వచ్చింది. "పంతులుగారు?" అంది. ఆమెకు వచ్చిన తెలుగు అంతేలా ఉంది. మాస్టారి తమ్ముడు మట్టి దిబ్బను చూపించాడు.

ఆ పిల్ల వెళ్లి దాని పక్కన కూర్చుంది. కాసేపటికి పెదాలు కదిలాయి. గొంతు పెగల్చుకుని, ఆగుతూ, మళ్లీ అందుకుంటూ తన భాషలో ఏదో చెప్పడం మొదలుపెట్టింది. తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

"ఏవంటందమ్మా?" అని మాస్టారి భార్య అందరి మొహాలూ చూశారు. మాలో ఎవరికీ ఆ భాష రాదు. ఆ పిల్ల తడి మట్టి మీద అరచెయ్యి ఆనించి, అలా చెబుతూనే ఉంది.